ఎవరి తాలూకా?

2024 ఎన్నికల ఫలితాలు రాకముందే గోదావరి జిల్లాల్లో బైకుల మీద, ఆటోల వెనక ఒక స్టిక్కర్ కనిపించడం మొదలైంది: ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’. పవన్ కళ్యాణ్ పోటీ చేసిన స్థానం అది. ఓట్లు ఇంకా యంత్రాల్లోనే ఉన్నాయి. అప్పటికే ఆయన ఎమ్మెల్యే అయిపోయారు, ఆయన తాలూకా మనుషులూ తయారైపోయారు. తర్వాత వేరే నియోజకవర్గాల పేర్లతోనూ అలాంటివి వచ్చాయి. నేను మొదటిసారి చూసింది మాత్రం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర. పక్కన ఆగిన కుర్రాడి బండి వెనక నంబర్ ప్లేటు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కానీ ఆ ‘తాలూకా’ అనే మాట తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. 1985లో మండలాలు వచ్చేదాకా అది రెవెన్యూ వాళ్ల లెక్కలో ఒక విభాగం. వాడుకలో ‘పెళ్లికొడుకు తాలూకు’, ‘ఆయన తాలూకు మనిషి’ అన్నట్టు సంబంధం చెప్పే మాట. స్టిక్కర్‌లో ఆ రెండర్థాలూ కలిసిపోయాయి. బండి అతనిది, పెట్రోలు అతనిది, నెలనెలా ఈఎంఐ కట్టేది అతనే. అతను మాత్రం ఇంకొకరి తాలూకా.

ఇది ఒక్క పార్టీ అభిమానుల గోల అని తీసిపారేయలేం. ఆఫీసులో, ఆసుపత్రిలో, కాలేజీ సీటు దగ్గర, పోలీస్ స్టేషన్‌లో మనల్ని ఎవరో ఒకరు అడిగే ప్రశ్నకు అది ముందే రాసి పెట్టుకున్న జవాబు. ‘నువ్వెవరు?’ అని అక్కడ ఎవరూ అడగరు. ‘ఎవరి మనిషివి?’ అని అడుగుతారు.

ఈ సంబంధానికి తెలుగులో మాటలు చాలానే ఉన్నాయి. పోషణ, ఆశ్రయం, ప్రాపకం, అండ, పలుకుబడి, సిఫారసు, చివరికి పైరవీ. మర్యాద ఎక్కువ నుంచి తక్కువకు ఒక మెట్ల వరుసలా ఉంటాయి. కవికి రాజు ఇస్తే పోషణ, కాంట్రాక్టర్‌కు మంత్రి ఇస్తే పైరవీ. సాహిత్య సభల ఆహ్వాన పత్రాల్లో, గుడి కమిటీల రసీదు పుస్తకాల్లో ఇప్పటికీ ‘మహారాజ పోషకులు’, ‘రాజపోషకులు’, ‘పోషకులు’ అని చందా మొత్తాన్ని బట్టి హోదాలు వేస్తారు. రాజ్యాలు పోయి ఇన్నేళ్లయినా చందా కడితే మహారాజు కావచ్చు.

పేర్లను బట్టి మంచీ చెడూ తేల్చడం నాకు తృప్తినివ్వదు. ఇచ్చేవాడి మనసు వెన్నా రాయా అన్నదీ నాకు పెద్ద ప్రశ్న కాదు. పుచ్చుకునేవాడి వైపు నుంచి చూడాలి. ఇవ్వకపోతే అతను నోరు తెరిచి ‘నాకు రావలసింది ఏది?’ అని అడగగలడా? అడిగితే నలుగురూ అతని వైపు మాట్లాడతారా? ప్రాపకం రూపాలు ఎన్ని ఉన్నా, నా దృష్టిలో వాటిని వేరు చేసే గీత ఇదొక్కటే. ఆ గీత మీద పెట్టి చూస్తే మనం గొప్పవనుకున్నవి కొన్ని కిందికి దిగుతాయి, చిన్నవనుకున్నవి కొన్ని పైకి లేస్తాయి.

మేం పద్మశాలీలం. మా ఊళ్లో మా వాడలో మగ్గాలు పాతికకు మించి ఉండేవి కావు. మా తాత మగ్గం గుంటలో కూర్చుంటే నాయనమ్మ కండెలు చుట్టేది. రెండు పూటలా అన్నం ఉండేది, మిగిలేది ఏమీ ఉండేది కాదు. అలాంటి మేం కూడా ఒకరికి పోషకులం. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి కూనపులి వాళ్లు వచ్చేవాళ్లు. గజాల కొద్దీ పొడవున్న పటాన్ని కర్రకు చుట్టి తెచ్చేవాళ్లు. మార్కండేయుడి గుడి ముందు రాత్రిపూట పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ, మా కులం ఎలా పుట్టిందో, భావనారుషి మొదట బట్ట ఎలా నేశాడో పాడేవాళ్లు. మా పురాణం మాకు తెలిసింది వాళ్ల నోటి నుంచే.

తెలంగాణలో ఇదొక పెద్ద అల్లిక. పండితులు దీనికి ఆశ్రిత కులాలు అని పేరు పెట్టారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడిగెల వాళ్లు, గొల్లలకు మందెచ్చుల వాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజల వాళ్లు, మాదిగలకు చిందు వాళ్లు, డక్కలి వాళ్లు. ఒక్కో కులానికి దాని కథ చెప్పే మరో కులం. ఆ కథల పటాలు గీసేది చేర్యాల నకాషీలు. నేతగాడు కథకుడికి ఇచ్చేవాడు, కథకుడు చిత్రకారుడికి ఇచ్చేవాడు. రాజు లేడు, సంస్థానం లేదు. బొమ్మ, పాట, పురాణం అన్నీ పేదవాళ్ల చేతుల మీదుగా వందల ఏళ్లు నడిచాయి.

ఇందులో నన్ను ఆకట్టుకునేది దాని లెక్క. ఏ ఊరు ఏ కుటుంబానిదో వాళ్లకు నిక్కచ్చిగా తెలుసు. దాన్ని మిరాశి అనేవాళ్లు. పొలం పంచుకున్నట్టు అన్నదమ్ములు ఊళ్లు పంచుకునేవాళ్లు. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు పటం తెస్తే పంచాయితీ. మా ఇంటికి వచ్చిన పెద్దాయన దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉండేది. కిందటిసారి ఏ ఇంట్లో ఏమిచ్చారో అందులో ఉండేది. ఒకసారి మా నాయనమ్మ చీర బదులు జాకెట్టు ముక్క పెట్టబోతే ఆయన పుస్తకం తెరిచి, ‘పోయినసారి చీర పెట్టినవు గద అవ్వా, ఈసారి గిదేంది?’ అన్నాడు. నాయనమ్మ మగ్గాలు నడవట్లేదని, సొసైటీ బిల్లు రాలేదని ఏకరువు పెట్టింది. ఆయన కదల్లేదు. అరుగు మీద కూర్చుని, నీళ్లు అడిగి తాగి, మళ్లీ అదే మాట అన్నాడు. చివరికి చీర వచ్చింది. పోయేటప్పుడు దీవించి పోయాడు, నాయనమ్మ లోపలికి వచ్చి తిట్టుకుంది. కానీ ‘ఆయనెవరు అడగడానికి?’ అని మాత్రం అనలేదు. ఆ మాట ఆమెకు తోచదు. ఆయనది ఆయన అడిగాడు, అంతే.

ఇంత చెప్పాక తియ్యటి జ్ఞాపకంలా దీన్ని వదిలేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ హక్కు కులంతో ముడిపడిన హక్కు. కూనపులి ఇంట్లో పుట్టినవాడు పటమే పట్టాలి. డక్కలి వాళ్లు మాదిగల కథ చెప్పి మాదిగల దగ్గరే పుచ్చుకోవాలి, అయినా మాదిగ వాడలో కూడా దూరంగానే నిలబడాలి. అంటరానివాళ్లుగా చూడబడిన వాళ్లకూ ఒక అంటరానివాడిని తయారు చేసి పెట్టింది ఈ ఏర్పాటు. ఊరి ఆయగాళ్ల సంగతి ఇంకొంచెం వేరు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఏడాదంతా పని చేస్తే పంట కళ్లంలోకి వచ్చాక మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచి ఇచ్చేవాళ్లు. ఎవరికి ఎంత అనేది ఊరందరికీ తెలిసిన కొలత. కానీ పని ఎంత అన్నదానికి కొలత లేదు. ఈ ఏడు మేర చాలదు, పని మానేస్తాను అనే వీలు చాకలికి లేదు. నిజాం కాలపు తెలంగాణలో దొర గడీ ముందు ఆ మేర కూడా పోయి, వెట్టి మిగిలింది. ‘బాంచెన్, నీ కాల్మొక్తా’ అన్న మాట అక్కడిదే. అడిగే నోరు మూతపడితే ప్రాపకం ఎంత తొందరగా బానిసత్వం అవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అందుకే కొలత ఒక్కటే ఉంటే చాలదు. అడిగే నోరూ కావాలి, వద్దని వెళ్లిపోయే కాళ్లూ కావాలి. కూనపులి పెద్దాయనకు మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. గడీ ముందు చాకలికి ఏదీ లేదు.

ఇప్పుడు మనం పోషణ అనగానే గుర్తొచ్చే చోటికి, రాజాస్థానానికి వద్దాం. అక్కడ సన్మానం చాలా పెద్దది. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దన కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడని, ఏనుగు ఆపి చెయ్యందించి ఎక్కించుకున్నాడని చదువుకున్నాం. కావ్యాన్ని కన్యగా, అంకితం పుచ్చుకునేవాణ్ని అల్లుడిగా చెప్పుకునే ఆచారమూ ఉంది. కృతిభర్త అన్న మాట అలా వచ్చిందే. అల్లుడికి ఏం దక్కేదంటే, పుస్తకం మొదట్లో అతని వంశ వర్ణన, ఆ తర్వాత షష్ఠ్యంతాలు, ప్రతి ఆశ్వాసం మొదటా చివరా అతన్ని పిలుస్తూ ఒక పద్యం. ఇప్పటి భాషలో చెప్పాలంటే ప్రతి ఎపిసోడ్‌కూ ముందూ వెనకా స్పాన్సర్ పేరు.

షష్ఠ్యంతాల సంగతి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. ‘ఇంతటి గుణవంతునకున్, ఇంతటి శూరునకున్’ అంటూ ప్రతి విశేషణాన్నీ ‘కు’తో ముగించే పద్యాలు అవి. ఆ ప్రక్రియ కావ్యాలతోనే చచ్చిపోయిందని పంతుళ్లు చెబుతారు. నేను నమ్మను. నాయకుడి పుట్టినరోజు నాడు మీ ఊరి చౌరస్తాకు వెళ్లి ఫ్లెక్సీలు చదవండి. బడుగుల ఆశాజ్యోతి, అభివృద్ధి ప్రదాత, జన హృదయ నేత ఫలానా ‘గారికి’ జన్మదిన శుభాకాంక్షలు. అదే విభక్తి, అదే విశేషణాల వరుస. కింద ఎడమవైపు మూలలో చిన్న చిన్న ఫొటోల్లో కవులు.

రాజుగారి పోషణలో మాయ ఏమిటంటే, అది ఎంత పెద్దదైనా ఒక్క మనిషి ప్రాణానికి వేలాడుతుంది. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా చేసి, విజయనగర రాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుడు చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడని, పంట పోయిందని, ఏడు వందల టంకాలు కట్టలేక నడివీధి ఎండలో శిక్ష అనుభవించాడని చాటువు చెబుతుంది. అది అక్షరాలా జరిగిందా అన్నది పరిశోధకుల గొడవ. మన జనం మాత్రం ఆ చాటువును ఇన్ని వందల ఏళ్లు నోటిలో పెట్టుకుని కాపాడారు, అది నాకు ముఖ్యం. రాయలు పోయాక పెద్దన పేరుతో చెప్పుకునే పద్యం కూడా అలాంటిదే. ఆయన నాకు ఇది చేశాడు, అది చేశాడు అని జాబితా అంతా చెప్పి, ఇప్పుడు జీవచ్ఛవంలా ఉన్నానని ముగుస్తుంది. గండపెండేరం ఉంది, రాయలు ఇచ్చిన కోకట గ్రామం ఉంది. కొత్త రాజును మాత్రం ‘నాకు రావలసింది ఇవ్వు’ అని అడిగే మాట లేదు. కూనపులి పెద్దాయన చేతిలో నోటు పుస్తకం ఉంది, ఆంధ్ర కవితా పితామహుడి చేతిలో లేదు.

రాజులను పక్కన పెట్టి వ్యాపారులను ఆశ్రయించిన దాఖలాలూ ఉన్నాయి. శ్రీనాథుడే తన హరవిలాసాన్ని అవచి తిప్పయ సెట్టి అనే సుగంధద్రవ్యాల వర్తకుడికి అంకితమిచ్చాడు. పోతన ఎవరికీ ఇవ్వనని రాముడికిచ్చాడు. ఆ నిర్ణయాన్ని మనం ఎంతో మెచ్చుకుంటాం, పిల్లలకు పాఠం చెబుతాం, ఆ సాయంత్రమే ఎమ్మెల్యే గారి పీఏకి ఫోన్ చేస్తాం.

జమీందారుల కాలానికి వస్తే పిఠాపురం మళ్లీ ఎదురవుతుంది. కాకినాడ పీఆర్ కాలేజీలో పీఆర్ అంటే పిఠాపురం రాజా. తెలుగు మాటల కోసం ఏళ్లతరబడి పండితులు కూర్చుని తయారు చేసిన మహా నిఘంటువుకు పేరే సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఖర్చు పెట్టిన రాజుగారి పేరు అట్ట మీదే ఉంది. అటు విజయనగరంలో ఆనంద గజపతి మూడేళ్ల కాలంలో విశాఖ జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాల లెక్క తీయించాడు. 1,034 తేలాయి. గురజాడ నాటకం వెనక ఆ లెక్క ఉంది. 1892లో ఆడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ అంకితం వెళ్లింది ఆ మహారాజుకే. పోషకుడు కేవలం డబ్బు ఇచ్చేవాడు కాకుండా, సమస్యను చూపించేవాడు కూడా అయిన అరుదైన సందర్భం అది. ఇక్కడ రాజుకు మార్కులు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ మార్కుల పక్కనే ఆ ఖజానాలోకి శిస్తు కట్టిన రైతు పేరు ఏ అట్ట మీదా లేదని కూడా రాసుకోవాలి.

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. వాటితో పాటు వాళ్ల ఆశ్రయంలో ఉన్న గాయకులు, పండితులు, అవధానులు చాలామంది వీధిన పడ్డారు. ఏది మిగిలిందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల మిగిలింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. జమీ పోయినా అక్కడ ఇప్పటికీ పిల్లలు పాఠం నేర్చుకుంటున్నారు. రాజు గారు ఫలానా విద్వాంసుడికి ఇచ్చిన శాలువా విద్వాంసుడితోనే పోయింది. పోస్టు, జీతం, సిలబస్ ఉన్నచోట మాత్రం పోషణ ఒక మనిషి దయ నుంచి తప్పించుకుని సంస్థ అయింది.

కాశీనాథుని నాగేశ్వరరావు చేసింది మరో రకం. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిపాడు. తలనొప్పి మందు అమ్మి తలకు మేత పెట్టాడని మా తెలుగు మాస్టారు అనేవారు. రచయిత ఆయనకు అంకిత పద్యం రాయనక్కర్లేదు, పాఠకుడు చందా కడితే చాలు.

ఇక ఇవాళ్టికి వద్దాం. ప్రజాస్వామ్యం వచ్చాక పోషకుడు, ఆశ్రితుడు అనే మాటలు పోయి ప్రజాప్రతినిధి, లబ్ధిదారుడు అనే మాటలు వచ్చాయి. లబ్ధి అంటే దొరికినది. హక్కుదారుడు అని ఎందుకు అనలేదో ఎప్పుడైనా ఆలోచించారా?

తెలంగాణలో కల్యాణలక్ష్మి పథకం కింద ఇచ్చే మొత్తం చూడండి: 1,00,116 రూపాయలు. మొదట్లో 51,000 ఉండేది, తర్వాత 75,116 అయింది, 2018లో ఇక్కడికి వచ్చింది. ఆ చివరి 116 ఏమిటి? జీతాల్లో, పన్నుల్లో ఎక్కడా ఆ అంకె రాదు. అది సంభావన అంకె. అవధానికి, పురోహితుడికి, పెళ్లి కూతురికి తాంబూలంలో పెట్టి ఇచ్చే నూటపదహార్లు. బడ్జెట్‌లో నుంచి, అంటే జనం పన్నుల్లో నుంచి వచ్చే డబ్బుకు ఎవరో పెద్దమనిషి చేతి కానుక వాసన వేయడానికి ఆ 116 చాలు. చెక్కు కూడా ఎమ్మెల్యే చేతుల మీదుగా, ఫొటోతో అందుతుంది. పథకం చెడ్డదని నేను అనడం లేదు. ఆ డబ్బుతో అప్పు తప్పించుకున్న తల్లిదండ్రులు మా బంధువుల్లోనే ఉన్నారు. చెక్కు పట్టుకుని ఫొటో దిగిన మా పిన్నిని, ఆ డబ్బు నీదే కదా అంటే, ‘నాదెట్లయితదిరా, సారు ఇచ్చిండు’ అంది.

దీన్ని ఇంకా బాగా చూడాలంటే వైద్యం దగ్గర చూడాలి. ఒకే జబ్బుకు ప్రభుత్వం రెండు దారుల్లో డబ్బు ఇస్తుంది. ఒకటి 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ. కార్డు ఉంటే, జబ్బు జాబితాలో ఉంటే, ఆసుపత్రిలో డెస్క్ దగ్గర చూపిస్తే పని అవుతుంది. అవ్వకపోతే ‘ఎందుకవ్వదు?’ అని గొడవ పెట్టుకోవచ్చు. రెండోది ముఖ్యమంత్రి సహాయనిధి. ముందు అప్పో సప్పో చేసి ఆసుపత్రి బిల్లు కట్టాలి, ఆ బిల్లులు పట్టుకుని నాయకుడి ఆఫీసుకు వెళ్లాలి, లేఖ కావాలి, ఆ తర్వాత ఎదురుచూడాలి. బిల్లులో ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలిగే మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

మా చిన్నాన్న ఆపరేషన్ అప్పుడు ఆ రెండో దారిలో నేనూ నడిచాను. ఒక నాయకుడి క్యాంపు ఆఫీసుకు పొద్దున ఆరున్నరకు వెళ్తే అప్పటికే నలభై మంది ఉన్నారు. లోపలి కుర్రాడు ఫైలు తీసుకోకముందు అడిగిన మొదటి ప్రశ్న, ‘అన్నా, ఎవరు పంపారు?’ జబ్బేమిటని తర్వాత అడిగాడు. నాలుగుసార్లు తిరిగాక చెక్కు వచ్చింది, కృతజ్ఞతగా ఒక శాలువా కొనుక్కుని వెళ్లాం కూడా. ప్రాచీన రోమ్‌లో ఆశ్రితులు తెల్లవారుతూనే పెద్దమనిషి వాకిట్లో నిలబడి, దండం పెట్టి, బుట్టలో ఇంత తిండో నాలుగు డబ్బులో తీసుకుని పోయేవాళ్లట. రెండు వేల ఏళ్ల తర్వాత మేం వాళ్ల కంటే ఒక మెట్టు దిగాం. శాలువా మాదే.

ఆ ఆఫీసు ముందు నిలబడిన వాళ్లు అమాయకులని అనుకుంటే పొరపాటు. నా పక్కన నిలబడిన పెద్దాయనకు ఏ ఆఫీసులో ఫైలు ఎన్నాళ్లు ఆగుతుందో, ఏ లేఖతో కదులుతుందో నాకంటే వంద రెట్లు తెలుసు. దరఖాస్తుకు జవాబు రాని చోట మనిషిని పట్టుకోవడమే తెలివి. నాయకుడు లేకపోతే ఆ పేదవాడి తరఫున తహసీల్దారుతో మాట్లాడే గొంతు ఇంకోటి లేదు. కులం పెద్ద పోయాడు, దొర పోయాడు, పార్టీ కార్యకర్త వచ్చాడు. జనం తమకు దొరికిన తలుపు తట్టారు. నా ఫిర్యాదు తట్టినవాడి మీద కాదు. మామూలు తలుపులన్నీ మూసి, ఒక్క తలుపే తెరిచి ఉంచి, ఆ తలుపు మీద తన ఫొటో అంటించుకున్నవాడి మీద.

తలుపు మూసి ఉండటమే ఆ పెద్దరికానికి పెట్టుబడి. తిరుమల బ్రేక్ దర్శనం లేఖలనే తీసుకోండి. 2024 చివర్లో తెలంగాణ ఎమ్మెల్యేల లేఖలు కొండ మీద చెల్లడం లేదని పెద్ద చర్చ నడిచింది. చివరికి వారానికి ఇన్ని అని లెక్క కట్టి ఒప్పుకున్నారు. మామూలు క్యూలో నిలబడే భక్తుడికి ఎన్ని గంటలు తగ్గాలన్నది ఆ చర్చలో ఎక్కడా వినపడలేదు. దర్శనం ఇప్పించగలిగే శక్తి మా చేతిలోనూ ఉండాలి అన్నదే దాని సారం. క్యూ రెండు గంటల్లో కదిలితే లేఖకు విలువేముంది?

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచింది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. పని కావాలని దరఖాస్తు పెడితే పదిహేను రోజుల్లో చూపించాలి, చూపించకపోతే భృతి ఇవ్వాలి అని కాగితం మీద రాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలు పెట్టి, ఊరి మధ్యలో మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చదివించింది. కూలీ లేచి ‘నేను ఆరు రోజులు చేశాను, నాలుగే రాశారు’ అని మైకులో చెప్పడం నేను చూశాను. అమలులో దొంగతనాలు జరగలేదని కాదు, చాలా జరిగాయి. కానీ ఆ రోజుల్లో పల్లెల్లో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఎవరిదో గుర్తుందా? ‘కూలీలు దొరకట్లేదు, పిలిస్తే పలకట్లేదు, బేరమాడుతున్నారు’ అన్న భూస్వాములది. అడిగే నోరు, వెళ్లిపోయే కాళ్లు రెండూ ఒకేసారి వస్తే పాత పోషకుడికి ఎలా ఉంటుందో ఆ గొణుగుడు చెప్పింది.

కళాకారుల విషయంలో మాత్రం మనం మళ్లీ రాజాస్థానానికే వెళ్లిపోయాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్నాడని, నెలనెలా వచ్చే పది వేలు ఆగిపోయిందని వార్తలు వచ్చాయి. వెంటనే సోషల్ మీడియాలో రెండు వర్గాలు తయారయ్యాయి. ఇచ్చిన కోటి ఏం చేశాడని ఒకరు, ప్రభుత్వం మారగానే ఆపేశారని ఇంకొకరు. ఆ గొడవలో ఎవరూ పట్టించుకోనిది ఆ పది వేల సంగతి. అది జీతమా, పింఛనా, బహుమతా? ఆగిపోతే ఎక్కడ అడగాలి? ఎవరు జవాబు చెప్పాలి? ఆయన చివరికి తన బాధ చెప్పుకున్నది మీడియాకి. కోటి అనే అంకె కనకాభిషేకం లాంటిది, చూడటానికి బాగుంటుంది. పక్కన నిలబడే నెలవారీ మొత్తానికి ఒక జీవో, ఒక తేదీ, ఒక అప్పీలు ఉంటే ఆ వార్త పుట్టేదే కాదు.

సహాయనిధికైనా అంతే. ఎవరు అర్హులు, ఏ జబ్బుకు బిల్లులో ఎంత శాతం, ఎన్ని రోజుల్లో అన్నది ఆసుపత్రి గోడ మీద రాస్తే, దరఖాస్తు మీసేవలో తీసుకుంటే ప్రభుత్వానికి పైసా ఎక్కువ ఖర్చు కాదు. అధికారంలో పార్టీలు మారాయి, ఆ పని మాత్రం పూర్తిగా జరగలేదు. చేస్తే పొద్దున ఆరున్నరకు వాకిట్లో నలభై మంది ఉండరు మరి.

రెండేళ్ల కిందట మా కులసంఘం వాళ్లు పట్టణంలో మార్కండేయ జయంతికి కూనపులి కథ పెట్టించారు. ఏసీ ఫంక్షన్ హాలు, నలభై నిమిషాల కార్యక్రమం, ఆ తర్వాత వక్తలు. పటం మూడు వంతులు చుట్టే ఉంది. కథ చెప్పింది నా చిన్నప్పుడు మా వాడకు వచ్చిన పెద్దాయన మనవడు. భోజనాల దగ్గర పలకరించి, మీ తాత దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది కదా అని అడిగాను. ఉందన్నాడు, ఇంట్లో ఎక్కడో పెట్టెలో ఉందన్నాడు. మా ఊరి పేరు చెబితే మా ఇంటి పేరు గుర్తుపట్టాడు. మా నాయనమ్మ పోయిందని చెప్పాను.

ఏదైనా ఇద్దామని ఫోన్ తీసి, ఎంత పంపమంటారు అన్నాను. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

‘మీ దయ సార్. మీరెంత ఇస్తే అంత.’